మధ్యలో ఒక్క చెత్త ఆల్బం కూడా లేకుండా వరసగా ఎక్కువ ఇచ్చిన మెటల్ బ్యాండ్ ఏది? మెయిడెన్ కాదన్నవాళ్లు కారణం చెప్పాలి

బోయిన్‌పల్లి_బేస్
శనివారం ప్రాక్టీస్ అయ్యాక టీ కొట్టు దగ్గర మొదలైన గొడవ వాట్సాప్‌లో ఇంకా నడుస్తూనే ఉంది, అందుకే ఇక్కడ పెడుతున్నా. ఏ బ్యాండ్ వరస అన్నిటికన్నా గట్టిది? రూల్స్ ముందే చెప్తున్నా. స్టూడియో ఆల్బంలే లెక్క. లైవ్‌లు, ఈపీలు (నాలుగైదు పాటల చిన్న రికార్డులు), కవర్ల ఆల్బంలు (వేరేవాళ్ల పాటలు వాయించినవి) వద్దు. కనీసం నాలుగు ఉండాలి. మధ్యలో ఒకటి తేలిపోతే వరస అక్కడితో ఆగినట్టే. "అందులోనూ రెండు పాటలు బాగుంటాయి కదా" అని బేరాలు ఆడొద్దు.

నా ఓటు ఐరన్ మెయిడెన్‌కి. 1980లో మొదటి ఆల్బం నుంచి 1988లో ‘సెవెంత్ సన్’ దాకా ఏడు. మా డ్రమ్మర్ మాత్రం మెటాలికా అంటాడు, అదీ బ్లాక్ ఆల్బం కలిపి. వాడికి కాస్త బుద్ధి చెప్పండి.

సందుచివర_డ్రమ్మర్
ఆ డ్రమ్మర్ని నేనే. ‘కిల్ ఎమ్ ఆల్’ 1983, ‘రైడ్ ద లైట్నింగ్’ 1984, ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ 1986, ‘జస్టిస్’ 1988, బ్లాక్ ఆల్బం 1991. ఐదింటిలో ఏ రెండూ ఒకేలా ఉండవు. మెయిడెన్ ఏడింటిలో ఏ పాట ఏ ఆల్బంలోదో చూడకుండా చెప్పమనండి వీణ్ని, అప్పుడు మాట్లాడదాం. బేస్ వాయించేవాళ్లకి ‘జస్టిస్’ మీద కోపం ఉంటుందిలే. అందులో బేస్ వినపడదు కదా, పాపం.

ముషీరాబాద్_మెయిడెన్
చూడకుండానే చెప్తా, అడుగు. పాల్ డియానో పాడిన మొదటి రెండూ, గాయకుడిగా బ్రూస్ డికిన్సన్ వచ్చాక చేసినవీ నీకు ఒకేలా వినిపిస్తే తప్పు మెయిడెన్‌ది కాదు, నీ ఇయర్‌ఫోన్స్‌ది. ‘సమ్‌వేర్ ఇన్ టైమ్’లో గిటార్ సింథ్‌లు వాడారు. ‘సెవెంత్ సన్’లో కీబోర్డులొచ్చాయి. ఇంకేం మారాలి?

ఇంజనీరింగ్_బ్యాక్‌లాగ్
బ్లాక్ ఆల్బం కలిపినవాళ్లని బ్యాన్ చేయాలి

రాత్రి_షిఫ్ట్
బ్యాన్ దేనికి, మెటాలికాదే ‘సెయింట్ యాంగర్’ మొదటి నుంచి చివరి దాకా వినిపించండి, చాలు. ఆ స్నేర్ డ్రమ్ సౌండ్‌కి డ్రమ్మర్లే ముందు లొంగిపోతారు.

ఎడమచేతి_రిఫ్ఫు
ఇంతమంది మాట్లాడారు, ఒక్కరికీ బ్లాక్ సబ్బత్ గుర్తు రాలేదా తమ్ముళ్లూ?

1970 ఫిబ్రవరిలో మొదటిది. ఒక్క రోజులో రికార్డ్ చేశారు దాన్ని. అదే ఏడాది సెప్టెంబర్‌లో ‘పారనాయిడ్’. 1971లో ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’, 1972లో ‘వాల్యూమ్ 4’, 1973లో ‘సబ్బత్ బ్లడీ సబ్బత్’, 1975లో ‘సబొటాజ్’. ఆరేళ్లలో ఆరు. మెయిడెన్ ఏడు చేసింది, ఒప్పుకుంటా. కానీ మెయిడెన్ వాళ్లకి ముందు దారి ఉంది. సబ్బత్‌కి ఏముంది? ఫ్యాక్టరీలో వేళ్ల చివర్లు తెగిపోయిన గిటారిస్టు, తొడుగులు తనే చేసుకుని, పల్చటి తీగలు బిగించుకుని, ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’కి వచ్చేసరికి ట్యూనింగ్‌ని సి షార్ప్ దాకా దించేశాడు. డూమ్, స్టోనర్, స్లడ్జ్, మెటల్‌లో ఈ రకాల పేర్లన్నీ ఆ ఒక్క ఆల్బం పెట్టిన భిక్ష.

వరసని లెక్కపెట్టడం ఒకటే కాదు, తూకం కూడా వేయాలి.

బోయిన్‌పల్లి_బేస్
అన్నా, ‘వాల్యూమ్ 4’లో ‘ఎఫ్‌ఎక్స్’ అని ఒకటుంది, గిటార్ తీగల్ని ఊరికే టింగుటింగుమని తట్టడమే. అదీ తూకంలోకి వస్తుందా?

ఎడమచేతి_రిఫ్ఫు
‘నంబర్ ఆఫ్ ద బీస్ట్’లో ‘గ్యాంగ్‌ల్యాండ్’ ఉంది. దాని సంగతి తేల్చి అప్పుడు రా.

ఇంజనీరింగ్_బ్యాక్‌లాగ్
‘పీస్ ఆఫ్ మైండ్’లో ‘క్వెస్ట్ ఫర్ ఫైర్’ కూడా. ఆదిమానవులు నిప్పు కోసం తిరిగే పాట, అందులో డైనోసార్లు. స్కూల్లో సైన్స్ పీరియడ్ ఎగ్గొట్టి రాసినట్టున్నారు 😂

ముషీరాబాద్_మెయిడెన్
తొమ్మిది పాటల్లో ఒకటి తగ్గితే ఆల్బం తేలిపోయినట్టా? ఆ ఆల్బంలోనే ‘ద ట్రూపర్’ ఉంది, ‘వేర్ ఈగిల్స్ డేర్’ ఉంది. ఈ లెక్కన ఎవరిదీ నిలబడదు.

స్టెయిన్డ్‌గ్లాస్
రూల్ సరిగా పెట్టకపోతే ఇలాగే ఉంటుంది. నా రూల్ ఏంటంటే, ఆల్బం మొత్తం విన్నాక మళ్లీ మొదటి పాట పెట్టాలనిపించాలి. మధ్యలో ఒకటి సాగిందా, బాగుందా, అనవసరం.

ఆ రూల్‌తో జూడస్ ప్రీస్ట్. ‘శాడ్ వింగ్స్ ఆఫ్ డెస్టినీ’ 1976, ‘సిన్ ఆఫ్టర్ సిన్’ 1977, ‘స్టెయిన్డ్ క్లాస్’, ‘కిల్లింగ్ మెషీన్’ రెండూ 1978లోనే, ‘బ్రిటిష్ స్టీల్’ 1980. నాలుగేళ్లలో ఐదు. మెటల్‌లోంచి బ్లూస్‌ని తీసి పక్కన పెట్టింది వీళ్లే. జంట గిటార్లు వీళ్లవే, ‘కిల్లింగ్ మెషీన్’ రోజుల్లో మొదలైన తోలు జాకెట్లు, స్టడ్‌లు కూడా వీళ్లవే. ‘స్టెయిన్డ్ క్లాస్’లో ‘ఎక్సైటర్’ విని స్పీడ్ మెటల్ ఎక్కడ పుట్టిందో మీరే చెప్పండి.

సందుచివర_డ్రమ్మర్
ఆ ఐదింటికి ప్రీస్ట్ ఎంతమంది డ్రమ్మర్లని మార్చింది? అలన్ మూర్, సైమన్ ఫిలిప్స్, లెస్ బింక్స్, డేవ్ హాలండ్. మేం మనుషులం కాదా?

స్టెయిన్డ్‌గ్లాస్
మార్చినా వరస తెగలేదు చూడు. అదే గొప్ప.

సందుచివర_డ్రమ్మర్
లెస్ బింక్స్ వెళ్లాక డ్రమ్స్ చప్పబడ్డాయి. ‘బ్రిటిష్ స్టీల్’ని డ్రమ్మర్లు ఎవరూ సాధన కోసం వాయించరు. ఇది మాత్రం రాసిపెట్టుకోండి.

రాత్రి_షిఫ్ట్
@స్టెయిన్డ్‌గ్లాస్ తర్వాత ‘పాయింట్ ఆఫ్ ఎంట్రీ’ 1981. అది గనక బాగుండి ఉంటే ‘స్క్రీమింగ్ ఫర్ వెంజెన్స్’, ‘డిఫెండర్స్ ఆఫ్ ద ఫెయిత్’ కూడా కలిసేవి. ఎనిమిది అయ్యేవి, ఈ థ్రెడ్ అక్కడితో ముగిసేది.

స్టెయిన్డ్‌గ్లాస్
ఆ బాధ నాకూ ఉంది. ‘హెడింగ్ అవుట్ టు ద హైవే’ ఒక్కటి పట్టుకుని ఎన్నాళ్లు వాదించను.

కొత్త_ఐడీ_పాత_మనిషి
మీరంతా ఆల్బంలని వరసలో విన్నట్టే మాట్లాడుతున్నారు. నిజం చెప్పండి, మన ఊళ్లో ఎవరు విన్నారు అలా? మా కాలేజీ రోజుల్లో పార్క్‌లేన్‌లో సీటీసీకి కంప్యూటర్ సామాన్ల కోసం వెళ్లేవాళ్లం, చుట్టుపక్కల ఎంపీత్రీ సీడీలు దొరికేవి. ఒక బ్యాండ్ మొత్తం ఒకే సీడీలో. ఆల్బంలు ఫోల్డర్లుగా ఉంటే అదృష్టం, లేకపోతే మొత్తం కలిపి అక్షరక్రమంలో. నా సీడీలో ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ అంటే ‘బ్యాటరీ’ అయ్యాక వెంటనే ‘డ్యామేజ్ ఇంక్’. ఇప్పటికీ అసలు ఆల్బంలో ‘బ్యాటరీ’ తర్వాత టైటిల్ పాట మొదలైతే చెవి ఉలిక్కిపడుతుంది.

అలా వింటే వరస అనేదే ఉండదు. 1983 పాట పక్కనే 1996 పాట. ‘లోడ్’ చెడ్డదని నాకెవరూ చెప్పలేదు, నాకు అదీ మెటాలికానే.

పద్మారావునగర్_పిల్ల
అక్షరక్రమం అయినా నయం. మా అన్నయ్య సీడీలో ట్రాక్ 01 నుంచి ట్రాక్ 112 దాకా పేర్లే లేవు. ‘ఒరాయన్’ పాట పేరు నాకు తెలిసేసరికి ఇంజనీరింగ్ అయిపోయింది.

ఎడమచేతి_రిఫ్ఫు
మా తరానికి సీడీ కూడా లేదమ్మా. ఆబిడ్స్‌లో క్యాసెట్ ఇచ్చి రికార్డ్ చేయించుకునేవాళ్లం. ఒక వైపు ఒక ఆల్బం, రెండో వైపు ఇంకోటి, టేప్ సరిపోక చివరి పాట మధ్యలో తెగిపోయేది. ‘సబొటాజ్’లో ‘ద రిట్’ అనే పాట సగం తర్వాత ఏమవుతుందో తెలియకుండానే పెళ్లి చేసుకున్నాను.

రాత్రి_షిఫ్ట్
అన్నా, వదినగారికి ఈ థ్రెడ్ లింక్ పంపకండి.

డెత్‌మెటల్_డాక్టర్
పెద్దలందరూ అయ్యాక నేను. ప్రశ్నలో "మధ్యలో ఒక్క చెత్త ఆల్బం కూడా లేకుండా" అని ఉంది. మధ్యలో ఏం ఖర్మ, మొదలు నుంచి చివరి దాకా లేకపోతే? డెత్ అనే బ్యాండ్. ఏడు ఆల్బంలు, ఏడూ గట్టివే. ‘స్క్రీమ్ బ్లడీ గోర్’ 1987, ‘లెప్రసీ’ 1988, ‘స్పిరిచువల్ హీలింగ్’ 1990, ‘హ్యూమన్’ 1991, ‘ఇండివిజువల్ థాట్ ప్యాటర్న్స్’ 1993, ‘సింబాలిక్’ 1995, ‘ద సౌండ్ ఆఫ్ పర్సివరెన్స్’ 1998. ప్రతిసారీ చుట్టూ మనుషులు మారారు, చక్ షుల్డినర్ ఒక్కడే మిగిలాడు. ‘హ్యూమన్’కి సినిక్ బ్యాండ్ నుంచి ఇద్దర్ని తెచ్చుకున్నాడు, స్టీవ్ డిజార్జియో బేస్. తర్వాతి దానికి జీన్ హోగ్లన్ డ్రమ్స్, కింగ్ డైమండ్ దగ్గరి గిటారిస్టు ఆండీ లారాక్. మొదటి ఆల్బంలో జాంబీల గురించి అరిచిన మనిషి నాలుగేళ్లలో ‘హ్యూమన్’కి వచ్చాడు. మెయిడెన్ తొమ్మిదేళ్లలో అంత దూరం నడిచిందా?

ముషీరాబాద్_మెయిడెన్
‘స్పిరిచువల్ హీలింగ్’ని గట్టిది అనేవాళ్లని ఇవాళే చూస్తున్నా.

డెత్‌మెటల్_డాక్టర్
జేమ్స్ మర్ఫీ సోలోలు విని మాట్లాడు భాయ్.

స్టెయిన్డ్‌గ్లాస్
డాక్టర్ గారూ, ఒక సందేహం, తప్పుగా అనుకోవద్దు. చక్ 2001లోనే పోయాడు. ఎనిమిదోది, తొమ్మిదోది చేసి ఉంటే? ప్రీస్ట్‌ది, మెయిడెన్‌ది వరస తెగింది ఎందుకు? వాళ్లు ఇంకా బతికి ఆల్బంలు చేస్తూ ఉన్నారు కాబట్టి. నాటౌట్‌గా మిగిలినవాడి సగటు ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది.

డెత్‌మెటల్_డాక్టర్
చేయని ఆల్బం చెడ్డదై ఉండేదని ఊహించి మార్కులు తీసేస్తారా? ‘కంట్రోల్ డినైడ్’ అని వేరే బ్యాండ్ పెట్టి 1999లో ఒకటి చేశాడు. అదీ గట్టిదే. నా జవాబు అది.

స్టెయిన్డ్‌గ్లాస్
సరే, అది బలమైన జవాబే. కానీ మెటాలికా విషయంలో కూడా ఇదే అడగొచ్చు. క్లిఫ్ బర్టన్ 1986 సెప్టెంబర్‌లో స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో పోకపోతే ‘జస్టిస్’ ఎలా ఉండేది?

బోయిన్‌పల్లి_బేస్
బేస్ వినపడేది.

సందుచివర_డ్రమ్మర్
😭

ఇంజనీరింగ్_బ్యాక్‌లాగ్
స్లేయర్ ఎందుకు రావట్లేదు ఎవరి నోట? ‘రెయిన్ ఇన్ బ్లడ్’, ‘సౌత్ ఆఫ్ హెవెన్’, ‘సీజన్స్ ఇన్ ద అబిస్’. నాగోలులో మెట్రో ఎక్కితే రాయదుర్గం వచ్చేలోపు ‘రెయిన్ ఇన్ బ్లడ్’ అయిపోయి మళ్లీ మొదలవుతుంది. అరగంట కూడా లేదు, ఒక్క సెకను వృథా లేదు.

రాత్రి_షిఫ్ట్
అవి మూడే కదా. ‘హెల్ అవెయిట్స్’ కలిపితే నాలుగు. ‘షో నో మెర్సీ’ కూడా కలిపితే 1983 నుంచి 1990 దాకా ఐదు. తీసుకో, నీకు ఫ్రీగా లెక్క చేసిపెట్టా. మెయిడెన్‌కి దీటుగా ఉంటుంది.

చార్మినార్_డూమ్
అందరూ పాతవాళ్లే. మనకి బతికున్న వరసలు లేవా? ఓపెత్ చూడండి. ‘స్టిల్ లైఫ్’ 1999, ‘బ్లాక్‌వాటర్ పార్క్’ 2001, ‘డెలివరెన్స్’ 2002, ‘డామ్నేషన్’ 2003, ‘ఘోస్ట్ రెవెరీస్’ 2005. 2009లో చెన్నై ఐఐటీ సారంగ్‌కి వచ్చినప్పుడు మా గ్యాంగ్ మొత్తం రాత్రి రైల్లో పోయింది. ‘డెలివరెన్స్’, ‘డామ్నేషన్’ రెండూ ఒకేసారి రికార్డ్ చేశారు. ఒకదాంట్లో గొంతు చించుకోవడం, ఇంకోదాంట్లో అస్సలు అరుపే లేదు. ఆ రిస్కు ఎవరు తీసుకుంటారు?

ఎడమచేతి_రిఫ్ఫు
‘డామ్నేషన్’ మెటల్ ఆల్బమా? నాకు చాలా ఇష్టం, కానీ మెటల్ వరసలో దాన్ని కూర్చోబెట్టడం కుదరదు. మధ్యలో అది తీసేస్తే వరస రెండు ముక్కలు.

చార్మినార్_డూమ్
అట్లయితే సబ్బత్ ‘ఛేంజెస్’ ఏంది అన్నా? పియానో, ఏడుపు తప్ప అండ్ల ఏముంది?

ఎడమచేతి_రిఫ్ఫు
ఒక పాటకీ ఒక ఆల్బంకీ తేడా ఉంది నాయనా.

పద్మారావునగర్_పిల్ల
మీరందరూ బ్యాండ్ల పేర్లే చెప్తున్నారు. నాకు ముందు నుంచీ ఒక అనుమానం, వరస బ్యాండ్‌ది కాదు, స్టూడియోలో అద్దం అవతల కూర్చున్న ప్రొడ్యూసర్‌ది.

మార్టిన్ బర్చ్‌ని చూడండి. రెయిన్‌బో ‘రైజింగ్’ 1976, ‘లాంగ్ లివ్ రాక్ ఎన్ రోల్’ 1978. సబ్బత్ ‘హెవెన్ అండ్ హెల్’ 1980, ‘మాబ్ రూల్స్’ 1981. ఆ 1981లోనే మెయిడెన్ ‘కిల్లర్స్’, అక్కడి నుంచి ‘నంబర్ ఆఫ్ ద బీస్ట్’, ‘పీస్ ఆఫ్ మైండ్’, ‘పవర్‌స్లేవ్’, ‘సమ్‌వేర్ ఇన్ టైమ్’, ‘సెవెంత్ సన్’. మొత్తం పది. మెయిడెన్ మొదటి ఆల్బం బర్చ్ చేయలేదు, దాని సౌండ్ వాళ్ల బేసిస్ట్ స్టీవ్ హ్యారిస్‌కే నచ్చలేదు. ఇంకో వైపు మెటాలికా చూడండి, ‘రైడ్’, ‘మాస్టర్’, ‘జస్టిస్’ మూడింటికీ ఫ్లెమింగ్ రాస్ముసెన్. @ఇంజనీరింగ్_బ్యాక్‌లాగ్ చెప్పిన స్లేయర్ మూడింటి వెనకాల రిక్ రూబిన్. ఇదంతా యాదృచ్ఛికం అంటారా?

సందుచివర_డ్రమ్మర్
ఇది కొత్త పాయింట్. అక్కకి ఒక ఇరానీ చాయ్ నా తరఫున.

కొత్త_ఐడీ_పాత_మనిషి
బర్చ్ అదే కాలంలో వైట్‌స్నేక్‌కి కూడా పనిచేశాడు, బ్లూ ఆయిస్టర్ కల్ట్‌కి కూడా. అవి ఎందుకు ఎగ్గొట్టావమ్మా? పదింటిని ఏరుకుని వరస అంటే నేనూ నా సప్లిమెంటరీలు తీసేసి డిస్టింక్షన్ అంటాను.

పద్మారావునగర్_పిల్ల
వైట్‌స్నేక్ అప్పుడు బ్లూస్ రాక్, అందుకే తీశాను. బ్లూ ఆయిస్టర్ కల్ట్ ‘ఫైర్ ఆఫ్ అన్‌నోన్ ఆరిజిన్’ కలిపితే నా లెక్క పెరుగుతుందే గానీ తగ్గదు. బర్చ్ 1992లో ‘ఫియర్ ఆఫ్ ద డార్క్’ చేసి పని మానేశాడు. ఆ తర్వాత మెయిడెన్ చేసిన ‘ఎక్స్ ఫ్యాక్టర్’ సౌండ్ ఎలా ఉందో విని చెప్పండి.

ముషీరాబాద్_మెయిడెన్
దానికి బర్చ్ లేకపోవడం ఒక్కటే కారణం కాదు. బ్రూస్ వెళ్లిపోయాడు, అంతకు ముందే 1990లో గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ వెళ్లిపోయాడు. ‘నో ప్రేయర్ ఫర్ ద డయింగ్’ బర్చ్ చేసిందే కదా, అది ఎందుకు తేలిపోయింది? నా ఉద్దేశంలో వరస తెగేది అలసటతో. ‘పవర్‌స్లేవ్’ టూర్ 1984 ఆగస్టు నుంచి 1985 జూలై దాకా నడిచింది. బ్రూస్ ఎంత అలిసిపోయాడంటే, తర్వాతి ఆల్బంకి అకూస్టిక్ పాటలు పట్టుకొచ్చాడు. వాళ్లు వద్దన్నారు. ‘సమ్‌వేర్ ఇన్ టైమ్’లో అతను రాసిన పాట ఒక్కటీ లేదు. అయినా ఆల్బం నిలబడింది, ఎందుకంటే ఏడ్రియన్ ‘వేస్టెడ్ ఇయర్స్’ పట్టుకొచ్చాడు. అతనూ వెళ్లిపోయాక ఎవరు మోస్తారు?

సబ్బత్‌దీ ఇదే కథ. ఏడాదికి ఒకటి, మధ్యలో టూర్లు, మత్తు, పాత మేనేజర్‌తో కోర్టు కేసులు. ‘సబొటాజ్’ ఆ కోర్టుల మధ్యే తయారైంది. ఆ తర్వాత ‘టెక్నికల్ ఎక్స్‌టసీ’ చప్పగా రాకపోతేనే ఆశ్చర్యం.

ఎడమచేతి_రిఫ్ఫు
ఇది ఒప్పుకుంటాను. ఇప్పటివాళ్లకి వరస ఎందుకు కష్టమో కూడా ఇందులోనే ఉంది. టూల్ బ్యాండ్ 2006 తర్వాత మళ్లీ 2019లో ఆల్బం ఇచ్చింది. పదమూడేళ్లు. అప్పుడు నాలుగు ఆల్బంల వరస కావాలంటే నా మనవడు లెక్కపెట్టాలి.

రాత్రి_షిఫ్ట్
మనుషుల్ని బట్టి లెక్క పెట్టొచ్చు అంటే నా ఓటు గాయకుడు రోనీ జేమ్స్ డియోకి. ‘రైజింగ్’, ‘లాంగ్ లివ్’, ‘హెవెన్ అండ్ హెల్’, ‘మాబ్ రూల్స్’, 1983లో ‘హోలీ డైవర్’, 1984లో ‘ద లాస్ట్ ఇన్ లైన్’. మూడు బ్యాండ్లు మారాడు, ఆరూ గట్టివే. ఇంతమందితో గొడవపడి బయటికొచ్చి కూడా వరస తెగనివ్వని గొంతు ఇంకొకటి చూపించండి.

బోయిన్‌పల్లి_బేస్
నేను అడిగింది బ్యాండ్ గురించి. ప్రొడ్యూసర్లు, గాయకులు అంటూ పోతే రేపు టూర్లలో సామాన్లు మోసే రోడీల వరస కూడా వస్తుంది.

పద్మారావునగర్_పిల్ల
మెయిడెన్ ఓడిపోతుందని తెలిసి రూల్స్ గుర్తొచ్చాయి.

ఇంజనీరింగ్_బ్యాక్‌లాగ్
పాంటెరా? ‘కౌబాయ్స్ ఫ్రమ్ హెల్’ నుంచి ‘గ్రేట్ సదరన్ ట్రెండ్‌కిల్’ దాకా నాలుగు. ‘ఫార్ బియాండ్ డ్రివెన్’ 1994లో బిల్‌బోర్డ్‌లో నేరుగా నంబర్ వన్.

స్టెయిన్డ్‌గ్లాస్
1990కి ముందు జుట్టుకి స్ప్రే కొట్టుకుని చేసిన నాలుగు ఆల్బంలని బ్యాండే దాచిపెట్టింది. నీకు నచ్చినచోట నుంచి లెక్క మొదలెట్టొచ్చు, దానికేం.

చార్మినార్_డూమ్
మన ఊరి బ్యాండ్ గాడ్‌లెస్‌ని కూడా చూడున్రి. 2016ల, 2018ల ఈపీలు, 2021ల మొదటి పూర్తి ఆల్బం ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’. రూల్ ప్రకారం ఈపీలు లెక్కకి రావంట, లేకుంటే మూడుకి మూడు.

బోయిన్‌పల్లి_బేస్
వాళ్ల కోసమైతే రూల్ సడలిస్తా. హైదరాబాద్ కోటా.

డెత్‌మెటల్_డాక్టర్
ఈపీలు కలుపుతున్నారా? అయితే మెటాలికా ‘గ్యారేజ్ డేస్’ ఈపీ కూడా కలుస్తుంది. అది 1987ది, అందులో బేస్ వినపడుతుంది. చూసుకోండి మరి.

సందుచివర_డ్రమ్మర్
ఆరు! మెటాలికా ఆరు!

ముషీరాబాద్_మెయిడెన్
అది మొత్తం కవర్లే. రూల్ రెండో లైన్ చదువు.

లింగంపల్లి_లోకల్
థ్రెడ్ మొత్తం చదివా, జర్మనీ వాళ్ల పేరు ఒక్కరూ ఎత్తలేదు. క్రియేటర్ ‘ప్లెజర్ టు కిల్’ 1986, ‘టెరిబుల్ సర్టెన్టీ’ 1987, ‘ఎక్స్‌ట్రీమ్ అగ్రెషన్’ 1989, ‘కోమా ఆఫ్ సోల్స్’ 1990. బ్లైండ్ గార్డియన్ 1990 నుంచి 1998 దాకా నాలుగు. ఇంగ్లండ్, అమెరికా తప్ప మీకు మ్యాప్‌లో ఇంకేం కనపడదా?

రాత్రి_షిఫ్ట్
బ్లైండ్ గార్డియన్ అనగానే సోలోల కన్నా ముందు కత్తులు, డ్రాగన్లు గుర్తొస్తాయి.

లింగంపల్లి_లోకల్
‘ఇమాజినేషన్స్’ వినకుండా డ్రాగన్ల గురించి మాట్లాడేవాళ్లతో నాకు పని లేదు. క్రియేటర్ నాలుగింటికీ జవాబు చెప్పండి ముందు.

స్టెయిన్డ్‌గ్లాస్
‘టెరిబుల్ సర్టెన్టీ’ దగ్గర నాకు అభ్యంతరం ఉంది. రాత్రి ఇంటికెళ్లి మళ్లీ విని రాస్తా.